పుట్టలోని గాలి: పెంపుడు బాల్ పైథాన్ సాఫీగా కుబుసం విడవాలంటే తేమను ఎలా నిలపాలి

వానాకాలంలో ఉతికి ఆరేసిన చొక్కా సాయంత్రానికి కూడా పచ్చిగానే ఉంటే ‘గాలిలో తేమ ఎక్కువగా ఉంది’ అంటాము గాని, ‘గాలి తడిగా ఉంది’ అనము. నేల తడి, గుడ్డ తడి, చేయి తడి; గాలికి మాత్రం తేమ. మాటల్లో ఇంత స్పష్టంగా ఉన్న ఈ తేడాను పెంపుడు పాముల విషయానికి వచ్చేసరికి చాలామంది మరచిపోయి, కుబుసం సరిగా రాలేదనగానే నీళ్ళ స్ప్రే సీసా పట్టుకొని రోజుకు నాలుగుసార్లు తొట్టినంతా తడిపేస్తారు. తడి పెరుగుతుంది, గంటన్నరలో తేమ మళ్ళీ మొదటికి వస్తుంది, పాము పొట్ట కింది పొలుసులు నానడం మొదలవుతుంది. నేనూ మొదట చేసింది అదే.

అమెరికాలో తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఇప్పుడు పాములు పెంచుకుంటున్నారు. మా ఇంటికి కూడా మా అబ్బాయి పట్టుదల వల్లే ఒక బాల్ పైథాన్ వచ్చింది. భయం వేస్తే తల లోపలికి దాచుకొని బంతిలా చుట్టుకుపోయే జాతి కనుక దానికి ఆ పేరు వచ్చింది. మా ఇంట్లో దాన్ని గుండ్రాయి అని పిలుస్తాము. మేముండేది షికాగో శివారులో. అది వచ్చిన తొలి జనవరిలో దాని కుబుసం పదకొండు ముక్కలుగా ఊడింది, తోక చివర ఒక ముక్క ఉంగరంలా బిగిసి మిగిలిపోయింది. తొట్టితో పాటు వచ్చిన, తేమను కొలిచే గుండ్రటి ముల్లు మీటరు మాత్రం ఆ వారమంతా అరవై శాతం దగ్గరే నిలబడి ఉంది. ఆ పొరపాటు నుంచి నేర్చుకొన్నదంతా, చేయవలసిన వరుసలో, ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా కుబుసం ఎలా ఊడుతుందో తెలుసుకోండి

పాము చర్మపు పైపొర కెరటిన్‌తో తయారవుతుంది, అంటే మన గోళ్ళలో ఉండే పదార్థమే. ఆ పొర పాముతో పాటు ఎదగదు గనుక దాని కింద కొత్త పొర ఒకటి పూర్తిగా తయారయ్యాక పాతది మొత్తంగా ఒకేసారి వదిలిపోవాలి. రెండు పొరలూ విడివడడానికి వాటి నడుమ ఒక పలుచని ద్రవం ఊరుతుంది. పాము రంగు మాసినట్టు కనిపించడం, పొట్ట గులాబీ ఛాయకు తిరగడం, కళ్ళు నీలి బూడిద రంగులో పాలు కలిపినట్టు మసకబారడం, ఇవన్నీ ఆ ద్రవం వల్ల కలిగే మార్పులే. రెండు నాలుగు రోజుల తరువాత ద్రవం ఇంకిపోయి కళ్ళు మళ్ళీ తేటపడతాయి. సరిగ్గా ఇక్కడే కొత్తవారు మోసపోతారు: కళ్ళు తేటగా అయ్యాయి గదా, అయిపోయిందనుకొని తేమ సంగతి వదిలేస్తారు. నిజానికి పొర ఊడేది ఆ తరువాత మూడు నుంచి ఐదు రోజులకు, తేమ అత్యవసరమైనది కూడా ఆ రోజుల్లోనే.

మొదట పాము మూతిని ఏదైనా గరుకైన వస్తువుకు రాస్తుంది. పెదవుల దగ్గర పొర చిట్లగానే, తడిసిన మేజోడును పై అంచు పట్టుకొని తిరగదీసినట్టు, తల నుంచి తోక దాకా లోపలిభాగం బయటకు తిరిగి వచ్చేస్తుంది. పొర మెత్తగా ఉంటే ఈ పని ఒక గంటలోపే అయిపోతుంది. గాలి పొడిగా ఉంటే పాత పొర ఊడకముందే ఎండి, పెళుసుబారి, ఎక్కడికక్కడ చిరిగి ఒంటికి అతుక్కుంటుంది. పిల్ల పాములు ఇంచుమించు నెలకోసారి, పెద్దవి నెలన్నర నుంచి రెండు నెలలకోసారి కుబుసం విడుస్తాయి. కాబట్టి ఈ సమస్య ఒకసారి వచ్చిపోయేది కాదు, ఏర్పాటు సరిగా లేకపోతే ప్రతిసారీ వస్తుంది.

బాల్ పైథాన్ సహజంగా పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో, సెనెగల్ నుంచి ఉగాండా వరకు ఉండే గడ్డి మైదానాల్లో జీవిస్తుంది. పైన ఎండ మండిపోతున్నా అది పగలంతా ఎలుక బొరియల్లో, చెదల పుట్టల్లో పడుకొని ఉంటుంది. పుట్ట అంటే తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. పుట్ట గోడ పొడిగా, గట్టిగా ఉంటుంది. లోపల గాలి మాత్రం చల్లగా, బరువుగా, మట్టివాసనతో ఉంటుంది. మనం తొట్టిలో నిలపవలసింది ఆ గాలినే. (నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఇంట్లో పెరిగిన మా అమ్మ, గుండ్రాయికి పాలు పడుతున్నామా లేదా అని ఇప్పటికీ ఫోనులో అడుగుతూనే ఉంటుంది. పాములకు పాలు పడవు. వాటికి కావలసింది మంచినీళ్ళు.)

మొదటి పని: మీ మీటరు నిజం చెబుతోందో లేదో తేల్చుకోండి

సాధారణ రోజుల్లో బాల్ పైథాన్‌కు 60 నుంచి 70 శాతం తేమ, కుబుసానికి సిద్ధమవుతున్న రోజుల్లో 70 నుంచి 75 శాతం తేమ లక్ష్యంగా పెట్టుకోండి. ఈ అంకెలకు విలువ రావాలంటే కొలిచే పరికరం సరైనదై ఉండాలి. ముల్లు తిరిగే చవక మీటర్లను నేను ఎవరికీ సిఫారసు చేయను. మా ముల్లు మీటరును తొట్టిలో నుంచి తీసి, హీటరుతో ఎండిపోయిన హాలులో బల్ల మీద పెట్టినా ఆ ముల్లు అరవై దగ్గర నుంచి కదలలేదు. తీగ చివర ప్రోబు, అంటే కొలిచే మొన, ఉండే డిజిటల్ హైగ్రోమీటరు (తేమ మీటరు) కొనండి, వీలైతే రెండు కొనండి.

కొన్నదాన్ని కూడా వెంటనే నమ్మకండి, దానికి ఉప్పుతో ఒక పరీక్ష ఉంది. సీసా మూత ఒకటి తీసుకొని అందులో ఒక చెంచా వంట ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంతవరకు చుక్కలు చుక్కలుగా నీరు కలపండి; ఉప్పు కరిగి నీరుగా మారిపోకూడదు, పైన నీరు తేలకూడదు. ఆ మూతనూ హైగ్రోమీటరునూ ఒకదానికొకటి తగలకుండా జిప్ సంచిలో పెట్టి, గాలి చొరకుండా మూసి, రాత్రంతా ఒకే ఉష్ణోగ్రత ఉండే చోట వదిలేయండి. గది ఉష్ణోగ్రతలో తడి ఉప్పు పైన గాలి తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. అది ఉప్పుకు ఉన్న సహజ గుణం. తెల్లవారి మీటరు 71 చూపిస్తే, అది నాలుగు తక్కువ చెబుతోందని అర్థం. ఆ తేడాను చిన్న కాగితం మీద రాసి మీటరు వెనుక అంటించండి. రెండు శాతం అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదు, పది తేడా వస్తే మాత్రం తిరిగి ఇచ్చేయండి.

మీటరును గాజు గోడ పైభాగాన అతికించడం మరొక పొరపాటు. పాము ఉండేది నేల మీద గనుక ప్రోబు చివర పాము వీపు ఎత్తులో, తొట్టి చల్లని వైపున ఉండాలి. రెండవది ఉంటే వెచ్చని వైపున పెట్టండి. రెంటి అంకెలూ ఒకేలా ఉండవు, ఉండకూడదు కూడా. ఎందుకో తెలిస్తే మిగిలిన పనులన్నీ తేలికవుతాయి.

మీటరు చూపే శాతం గాలిలో ఉన్న నీటి బరువు కాదు. ఆ ఉష్ణోగ్రతలో గాలి ఎంత నీటిని మోయగలదో అందులో ఎంత భాగం మోస్తున్నదో చెప్పే లెక్క. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనమీటరు గాలి సుమారు 23 గ్రాముల నీటిఆవిరిని మోయగలదు, 32 డిగ్రీల దగ్గరైతే సుమారు 34 గ్రాములు. అంటే చల్లని మూల 60 శాతం చూపించే గాలే, ఒక చుక్క నీరు కూడా పోకుండా, తొట్టికి వేడినిచ్చే దీపం కిందికి చేరేసరికి 40 శాతం చూపిస్తుంది. చలిదేశాల్లో శీతాకాలం ఇంకా కఠినం. బయట సున్నా డిగ్రీల దగ్గర గాలి మోయగలిగేదే ఐదు గ్రాములకన్నా తక్కువ; ఆ గాలిని ఇంట్లోకి తెచ్చి 22 డిగ్రీలకు వేడిచేస్తే, బయట మంచు కురుస్తున్నా సరే, అది 25 శాతానికి పడిపోతుంది. అదే గాలి పాము తొట్టిలో 32 డిగ్రీలకు వేడెక్కితే 14 శాతం. మన పెదవులు పగిలే కాలంలో పాము కుబుసం ముక్కలవడంలో వింతేమీ లేదు.

రెండవ పని: తేమ ఎటు పోతోందో పట్టుకోండి

కుండకు చిల్లి ఉండగా నీళ్ళు పోస్తూ కూర్చోవడం దండగ. గాజు తొట్టి పైన ఉండే ఇనుప జాలీ మూతే ఇక్కడ చిల్లి. దీపం వేడికి గాలి తేలికై జాలీ గుండా పైకి పోతుంటే, దాని చోటులోకి గదిలోని పొడిగాలి దిగుతూ ఉంటుంది. మూత తీసేసిన అన్నం గిన్నెలో ఆవిరి నిలవనట్టే ఇందులోనూ తేమ నిలవదు.

జాలీలో సుమారు మూడు వంతులను పైవైపు నుంచి అల్యూమినియం టేపుతో గాని, మందపాటి అల్యూమినియం ఫాయిలుతో గాని మూసేయండి. లోపలివైపు ఎన్నడూ టేపు అంటించకండి. ఊడి పాము పొలుసులకు అతుక్కుంటే దాన్ని తీయడం మహా యాతన. దీపపు గిన్నె చుట్టూ జానెడు మేర ఏమీ కప్పకండి, ప్లాస్టిక్‌ను వేడి దరిదాపులకే రానివ్వకండి. మిగిలిన నాలుగో వంతు గాలి ఆడడానికి కావాలి. ఈ ఒక్క పనితోనే మా తొట్టిలో ఆ సాయంత్రానికి తేమ ముప్పై చిల్లర నుంచి యాభై దాటింది. కొత్తగా కొనబోయేవారికి నా సలహా, గాజుతొట్టి జోలికి పోకుండా ముందు తలుపులు తెరుచుకునే పీవీసీ పెట్టె తీసుకోవడం. అందులో గాలి రంధ్రాలు పక్కల చిన్నవిగా ఉంటాయి కనుక తేమ తనంతట తానే నిలుస్తుంది.

వేడి ఎటు నుంచి ఇస్తున్నారన్నది కూడా చూసుకోవాలి. పాము ఎండ కాచుకునే చోట నేల 31 నుంచి 33 డిగ్రీలు, చల్లని వైపు 25 నుంచి 27 డిగ్రీలు ఉంటే చాలు. అవసరానికి మించిన వాట్ల బల్బు వేసి, వేడి ఎక్కువై, మళ్ళీ నీళ్ళు చల్లుతూ తిప్పలు పడే వారిని చూశాను. బల్బైనా, వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ ఎమిటరైనా, అడుగున వేసే హీట్ మ్యాటైనా, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా పెట్టకండి. గుండ్రాయి పడుకునే గదిలోని హీటరు గాలి మూతి నేరుగా తొట్టి మీదికి ఉండేది. తొట్టిని రెండడుగులు పక్కకు జరిపితే ఆ బాధ తీరింది.

మూడవ పని: నేలను నీటి నిల్వగా మార్చండి

పాత కాగితాలు, పేపర్ టవళ్ళు శుభ్రానికి బాగుంటాయి గాని తేమను పట్టి ఉంచలేవు. ఆస్పెన్ చెక్కపొట్టు తడిస్తే బూజు పడుతుంది. దేవదారు పొట్టులోని ఘాటైన నూనెలు పాముల ఊపిరితిత్తులకు హానికరం, దాని వంక చూడకండి. ఈ పనికి సరిగ్గా సరిపోయేది మన కొబ్బరే. కోనసీమలో కొబ్బరి డొక్కల నుంచి పీచు తీశాక మిగిలే పొట్టును, అంటే నర్సరీలవారు కోకోపీట్ అని అమ్మేదాన్ని, కొబ్బరి డొక్క ముక్కలతో కలిపి వాడండి. తోటల కోసం అమ్మే వాటిలో ఎరువు కలిపినవి ఉంటాయి, అవి వద్దు. పొట్టు ఒక్కటే వేస్తే పైన ఎండి దుమ్ము లేస్తుంది, ముక్కలు ఒక్కటే వేస్తే నీరు అడుగుకు జారిపోతుంది. చెరి సగం కలిపితే రెండు చిక్కులూ ఉండవు.

ఇటుకలా గట్టిగా ఉండే కోకోపీట్ దిమ్మెను గోరువెచ్చని నీటిలో నానబెట్టి, విడిపోయాక పిడికెడు తీసుకొని గట్టిగా పిండండి. వేళ్ళ సందుల్లోంచి నీరు కారితే ఇంకా తడి ఎక్కువ, కాసేపు ఆరబెట్టాలి. చేయి తెరిచినప్పుడు పొడిపొడిగా రాలిపోతే తడి తక్కువ. ఉండ్రాళ్ళ పిండి ముద్దలా ఉండగా నిలిచి, అరచేయి చెమ్మగిల్లి ఊరుకుంటే సరిపోయినట్టు. ఆ మిశ్రమాన్ని ఏడు నుంచి పది సెంటీమీటర్ల మందాన పరవండి. రెండు సెంటీమీటర్ల మందాన పరిచిన నేల ఒక్క రోజులో ఎండిపోతుంది, పది సెంటీమీటర్ల నేల వారం పాటు లోపలి నుంచి ఆవిరిని మెల్లగా వదులుతూ ఉంటుంది.

ఆ తరువాత నీరు పెట్టే తీరులోనే ఉంది కిటుకంతా. పైన చల్లకండి. నాలుగు మూలల్లో, గోడ వెంబడి, మొక్క మొదట్లో పోసినట్టు మెల్లగా పోయండి. నీరు అడుగుపొరకు చేరి అక్కడ నిలుస్తుంది, పాము పాకే పైపొర పొడిగా ఉంటుంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న తొట్టికి ఒక లీటరుతో మొదలుపెట్టి, మరునాడు మీటరు చూసి, చాలకపోతే మరో అర లీటరు పోయండి. ఎన్నాళ్ళకోసారి పోయాలన్నది మీ గదిని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. మా ఇంట్లో శీతాకాలంలో వారానికి రెండుసార్లు, వేసవిలో పది రోజులకోసారి పడుతుంది. వేలు గుచ్చి చూస్తే పై అంగుళం పొడి, కింద చెమ్మ తగలాలి. అడుగున నీరు మడుగు కట్టినా, మురిగిన వాసన వచ్చినా పోయడం ఆపి నేలను తిరగేయండి.

పైపొర ఎందుకు పొడిగా ఉండాలంటే, పొట్ట పొలుసులు రోజుల తరబడి తడిలో ఉంటే వాటి అంచుల్లో గోధుమ, ఎరుపు మచ్చలు, తరువాత నీటి బొబ్బలు వస్తాయి. దీన్ని పెంపకందారులు స్కేల్ రాట్ అంటారు. కుబుసం చిక్కు కన్నా ఇది పెద్ద జబ్బు, పశువైద్యుడి దాకా పోనిదే తగ్గదు. గాలి ఆడని తడి తొట్టిలో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు. పాము ఊపిరి తీసేటప్పుడు ఈల శబ్దం, నోరు తెరిచి ఉంచడం, మూతి దగ్గర బుడగలు కనబడితే ఆలస్యం చేయకండి.

నీళ్ళ గిన్నె పాము చుట్టుకొని పడుకోగలిగినంత వెడల్పుగా ఉంటే మంచిది. తొట్టి మధ్యలో పెడితే తేమకు కొంత సాయపడుతుంది. పొగమంచు వదిలే ఫాగర్లు చూడడానికి ముచ్చటగా ఉంటాయి గాని, వాటి నీటి డబ్బాను శ్రద్ధగా కడగకపోతే అందులో పెరిగిన క్రిములనే పాము పీలుస్తుంది. పై మూడు పనులూ చేసినవారికి ఫాగరు అవసరం రాదన్నది నా అభిప్రాయం. గది మొత్తానికీ ఒక హ్యూమిడిఫయరు పెట్టుకుంటే పాముకే కాదు, ఇంట్లోవారి గొంతులకూ మేలు.

నాలుగవ పని: తేమ గూడు ఒకటి తయారుచేయండి

తొట్టి మొత్తాన్నీ 75 దగ్గర నిలపడం కష్టమైనచోట ఈ గూడు ఒక్కటే ఆదుకుంటుంది. ఇదే మనం చేతులతో కట్టే పుట్ట. మూత గట్టిగా పడే, లోపలికి వెలుతురు చొరని ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకోండి. పాము చుట్టుకొని పడుకుంటే గోడలు ఒంటికి తగిలేంత ఇరుకుగా ఉండాలి. చాలా విశాలమైతే పాముకు అందులో ధైర్యం చాలదు, లోపలికి పోదు. పక్క గోడకు పాము నడుము కన్నా కాస్త పెద్దదిగా, ఎదిగిన పాముకు ఏడెనిమిది సెంటీమీటర్ల గుండ్రటి రంధ్రం కోసి, ఆ అంచును గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. మీ వేలితో అంచు చుట్టూ ఒకసారి తడిమి చూడండి. మీ వేలికి గీరుకున్న చోటు, ఊడబోయే పొర కింద లేతగా ఉన్న పాము చర్మాన్ని కోసేస్తుంది.

లోపల, నీటిని బాగా పట్టి ఉంచే స్ఫాగ్నం అనే నాచును నానబెట్టి, బట్ట పిండినట్టు పిండి, విడదీసి, డబ్బాలో సగం దాకా నింపండి. గూడును తొట్టి వెచ్చని వైపుకీ మధ్యకీ నడుమ పెడితే అడుగు వేడికి నాచులోని చెమ్మ ఆవిరై లోపలి గాలిలో తేమ పెరుగుతుంది. నేరుగా వేడి చోటులోనే పెడితే మాత్రం గూడు ఉడికిపోతుంది. పొడిగా ఉండే మామూలు గూళ్ళు రెండు, వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి, ఇది కాక ఉండాలి. ఎందులో పడుకోవాలో పాము తానే తేల్చుకోవాలి. ఏ కొలతలకన్నా ముందే దానికి తన ఒంటి అవసరం తెలుస్తుంది. గుండ్రాయి నెలలో ఇరవై రోజులు తేమ గూటి ముఖమే చూడదు, రంగు మాయడం మొదలయ్యాక రెండు రోజుల్లో తల మాత్రం బయట పెట్టి అందులో కూర్చుంటుంది. ప్రతి కుబుసం తరువాత నాచు మార్చండి, మధ్యలో మలంతో పాడైతే అప్పుడే మార్చండి.

కళ్ళు మసకబారాక

రంగు మాయగానే మూలల్లో నీరు పోసి తేమను డెబ్బై దాటించండి, నాచును మళ్ళీ తడపండి. ఇక దాన్ని చేతిలోకి తీసుకోకండి. పాములకు కనురెప్పలు ఉండవు. కంటిని కప్పి ఉండే పారదర్శకమైన పొలుసు కూడా కుబుసంతోనే ఊడుతుంది, అది మసకబారినప్పుడు పాముకు చూపు సరిగా ఆనదు గనుక ఎంత సాధువైన పామైనా బెదురుతుంది. ఈ రోజుల్లో తిండి పెట్టకండి; చాలా పాములు తామే మానేస్తాయి. మానేసిందని కంగారుపడి ఎలుకను మార్చి మార్చి చూపే పని పెట్టుకోకండి. మూతి రాసుకోవడానికి గరుకైన చెక్కముక్క గాని, బెరడు గాని లోపల ఒకటి ఉంచండి.

ఈ అంకెలన్నీ బాల్ పైథాన్‌వి. కార్న్ స్నేక్‌కు 40 నుంచి 60 శాతం చాలు. కెన్యా సాండ్ బోవా ఇసుక నేలల పాము, దానికి ఇంత తేమ పెడితే జబ్బు చేస్తుంది. బ్రెజిల్ రెయిన్‌బో బోవాకు 75 కూడా చాలదు. ఏ జాతికైనా తేమ గూడు మాత్రం పనికివస్తుంది.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉండి ఇది చదువుతున్నవారికి రెండు మాటలు. నాగుపామైనా, జెర్రిపోతైనా, కొండచిలువైనా మన నేల మీది పామును పట్టి ఇంట్లో ఉంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. బాల్ పైథాన్ వంటి, సైట్స్ (వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) జాబితాలోని విదేశీ జాతులను ఉంచుకొనేవారు 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. ఇక తేమ విషయానికొస్తే హైదరాబాదు ఏప్రిల్, మే మధ్యాహ్నాలూ ఏసీ గదులూ షికాగో జనవరికి చిన్నాన్న బిడ్డల వంటివే, పైన చెప్పినవన్నీ అక్కడ వర్తిస్తాయి. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర ఊళ్ళలో మాత్రం జాలీని కప్పకండి. అక్కడ మీరు చూసుకోవలసింది గాలి ఆడడం, బూజు పట్టకపోవడం.

కుబుసం ఊడిన ఉదయం

కుబుసాన్ని వెంటనే పారేయకండి. ఇంకా మెత్తగా ఉండగానే బల్ల మీద పరిచి, తల వైపు నుంచి చూడండి. ఉల్లిపొరలా పలుచగా, వీపు మచ్చల నీడ లీలగా కనబడుతూ, సాగడం వల్ల పాముకన్నా కొంచెం పొడవుగా ఉంటుంది. తల దగ్గర రెండు కళ్ళ స్థానంలో గడియారపు అద్దంలా చిన్న గుండ్రటి పొలుసులు రెండు ఉబ్బి, వెలుతురుకు మెరుస్తూ ఉండాలి. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే అక్కడ రంధ్రం కనబడిందంటే ఆ కంటి పొర పాము మీదే మిగిలిపోయిందని అర్థం. అటువైపు తోక కొన దాకా పొర మూసుకొని సూదిగా ఉండాలి. కొన తెగి ఉంటే తోకను పరిశీలించండి.

ముక్కలుగా వచ్చిందనుకోండి, గోటితో లాగకండి. కింది చర్మం ఇంకా లేతగా ఉంటుంది, పొలుసు కూడా ఊడి వస్తుంది. ముందు తేమను 75కు పెంచి, నాచు తడిపి, ఒకటి రెండు రోజులు ఊరుకోండి; కొన్ని కేసులు అంతటితోనే తీరిపోతాయి. అప్పటికీ మిగిలితే, గాలి రంధ్రాలున్న మూత డబ్బాలో 28 నుంచి 30 డిగ్రీల గోరువెచ్చని నీరు పాము ఒంటి మందంలో సగం ఎత్తుకు పోసి, పాము అందులో ఉన్న పదిహేను ఇరవై నిమిషాలూ మీరు పక్కనే కూర్చోండి. బయటకు తీసి, తడి తువ్వాలును వదులుగా చేతిలో పట్టి, పామును దాని మడతల్లోంచి తనంతట తాను పాకనివ్వండి. రాపిడి పని పాముదే, మీ చేయి కదలకూడదు. గుండ్రాయి తోక మీది ఉంగరం మూడవ మడతలో తువ్వాలుకే అంటుకొని వచ్చేసింది. తోక చివర అలాంటి ఉంగరాన్ని పట్టించుకోకుండా వదిలేస్తే, పాము ఎదిగే కొద్దీ అది దారంలా బిగిసి, రక్తం ఆడక కొన నల్లబడి రాలిపోతుంది.

కంటి పొర సంగతి వేరు. పట్టకారు, సెలోటేపు, దూదిపుల్ల, ఏదీ కంటి దగ్గరకు తీసుకుపోకండి. పాత పొర అనుకొని లాగినది కొత్త పొర అయితే కన్ను పోతుంది. తరువాతి కుబుసం వరకు తేమను సరిగా నిలిపితే చాలాసార్లు రెండు పొరలూ కలిసే ఊడతాయి. రెండవసారి కూడా మిగిలితే సరీసృపాలను చూసే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళండి. తేమ అంతా సరిగా ఉండి కూడా కుబుసం మళ్ళీ మళ్ళీ ముక్కలవుతోందంటే కారణం పాము ఒంట్లో ఉండవచ్చు: పొలుసుల సందుల్లో మిరియపు పొడిలా నల్లగా కదిలే మైట్లు అనే సన్న పురుగులు, పాత గాయపు మచ్చలు, చాలని తిండి, ఒంట్లో నీరు తగ్గడం. చర్మం ముడతలు పడి కళ్ళు లోపలికి నొక్కుకుపోయినట్టుంటే నీరు తగ్గినట్టే.

అంతా నిండుగా ఊడిందా, తేమను మళ్ళీ 60 దగ్గరకు దిగనివ్వండి, నాచు మార్చండి, నీళ్ళ గిన్నె కడిగి నింపండి. కుబుసం విడిచాక ఒకటి రెండు రోజుల్లో పాము మలవిసర్జన చేయడం మామూలే కనుక నేలను ఒకసారి చూసుకొని, రెండు మూడు రోజులు గడిచాక తిండి పెట్టండి. క్యాలెండరు మీద ఆ తేదీ పక్కన ‘నిండు’ అనో ‘ముక్కలు’ అనో, ఆ వారం మీటరు చూపిన కనిష్ఠ అంకెతో పాటు రాసిపెట్టుకోండి. గుండ్రాయి పేజీలో కిందటి జనవరి దగ్గర ‘నిండు, 64’ అని ఉంది.